సమాధుల దొడ్డికి పుంత

వెదురుపర్రు,
24 జూన్ 2024.

మీనా,

స్కూలు అడ్రసుకి ఉత్తరం వచ్చిందని కంగారుపడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. సర్పంచ్‌ని అయిన దగ్గర్నుంచి నా ఫోను నాది కాదు. కుళాయి రాకపోయినా దానికే చేస్తారు, పింఛను ఆగినా దానికే చేస్తారు. విజయ్ ఎత్తుతాడు, విజయ్ లేకపోతే పంచాయతీ ఆఫీసులో ఎవరో ఒకరు ఎత్తుతారు. పైగా ఈ సంగతి ఫోన్‌లో ఎవరితోనూ మాట్లాడొద్దని వకీలు గారు చెప్పారు. బి.ఇడి. చదివేటప్పుడు సెలవులకి ఇళ్ళకెళ్ళి మనం ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. చెయ్యి ఇంకా మర్చిపోలేదనుకుంటాను.

సంగతేంటంటే, నేను ఎస్సీని కాదని కలెక్టర్ గారికి అర్జీ పెట్టారు.

మొదట్నుంచి చెప్తాను. మా పేట సమాధుల దొడ్డి నువ్వు చూడలేదు. పెళ్ళికి వచ్చినవాళ్ళని అటెందుకు తీసుకెళ్తాం. ఊరికి పడమటి పక్క, అరటితోటలు దాటాక, ఏటిగట్టు కింద ఉంటుంది. అక్కడికి పూర్వం పొలాల మధ్యనుంచి బండి పట్టేంత పుంత ఉండేదట. రికార్డులో ఇప్పటికీ ఉంది. నేల మీద లేదు. ఏడాదికో వరస చొప్పున అరటి పిలకలు నడుచుకుంటూ దాన్లోకి వచ్చేశాయి. ఇప్పుడు మిగిలింది తోటకి నీళ్ళు పారే బోదె గట్టు. ఎండాకాలంలో పోయినవాళ్ళకి ఫర్వాలేదు. వానల్లో పోతే పెట్టెని బోదె నీళ్ళలోంచి మోసుకెళ్ళాలి. నిరుడు మా చినమావయ్యని అలాగే తీసుకెళ్ళారు. మోసేవాళ్ళకి నడుముల్లోతు నీళ్ళు. మధ్యలో పెట్టె ఒరిగిపోయింది. ఊరికి సర్పంచ్‌ని నేను. గట్టు మీద నిలబడి చూశాను.

ఆ తోట ఉపసర్పంచ్ అప్పారావు గారిది. ఆయన నన్ను మీరు అంటారు, అమ్మా అంటారు. అదే నోటితో, నా ఎదురుగానే, నా మొగుడు విజయ్‌ని ఒరే అంటారు. రెండేళ్ళు ఆయన పెట్టమన్నచోట సంతకం పెట్టాను. చినమావయ్య పోయిన తర్వాత సర్వేయరుని పిలిపించి పుంత కొలిపించాను. దాన్ని మళ్ళీ వెయ్యాలని సమావేశంలో తీర్మానం పెట్టాను. మెంబర్లు అప్పారావు గారి వంక చూస్తూనే చేతులెత్తారు. ఎన్నికల హడావిడిలో ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు ప్రభుత్వం మారింది. అప్పారావు గారి కండువా కూడా మారింది. ఆ వెనకే అర్జీ.

అర్జీ మీద సంతకం ఆయనది కాదు, అచ్చాయమ్మది. నా మీద పోటీ చేసి ఓడిపోయిందే, ఆవిడ. మా వీధిలోనే ఉంటుంది. ఆశాజ్యోతి క్రైస్తవురాలు, పెళ్ళి చర్చిలో జరిగింది, ప్రతి ఆదివారం ఆరాధనకి వెళ్తుంది, కాబట్టి ఎస్సీలకి ఇచ్చిన సీటులో కూర్చోడానికి వీల్లేదు అని రాయించారు. అన్నీ నిజాలే. అచ్చాయమ్మకి తెలియకుండా ఎలా ఉంటాయి? ఆరాధనలో నా పక్కనే కూర్చుంటుంది.

నాకేమీ అనిపించడం లేదు. అదే నీకు రాయాలనిపించింది.

ఆశ


పెద్దాపురం,
13 జులై 2024.

ప్రియమైన ఆశా,

స్టాఫ్ రూములో నీ ఉత్తరం చేతికివ్వగానే అందరూ పెళ్ళి శుభలేఖ అనుకున్నారు. ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు రాస్తారు మరి. నీ దస్తూరీ అలాగే ఉంది, నాదే పాడైపోయింది, పిల్లల పేపర్లు దిద్ది దిద్ది.

ఇక్కడ మరిడమ్మ తల్లి జాతర నడుస్తోంది. మా కొట్టు గుడి వీధిలోనే కదా, చీరల బేరం ఊపిరి సలపనివ్వదు. స్కూలు నుంచి వచ్చి నేను కూడా కాసేపు కొట్లో కూర్చుంటున్నాను. మావయ్యగారికి డెబ్బై దాటినా గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవరు. ప్రసాద్ గారు ఆయన ముందు నోరెత్తరు. ఇంట్లో నీ సంగతి చెప్పాను. నీమీద అందరికీ గౌరవమే. పోయినసారి నువ్వొచ్చినప్పుడు మావయ్యగారు ఏమన్నారో నీకు చెప్పానా? ఆ అమ్మాయి వాళ్ళలా ఉండదమ్మా అన్నారు. నేను సంతోషించాను.

ఆశా, నేనొకటి అడుగుతాను, నువ్వు ఏమీ అనుకోకూడదు. సోషల్ టీచర్ని కాబట్టి అడుగుతున్నాననుకో. మతం మారితే ఎస్సీ వర్తించదని చట్టంలో ఉంది కదా. అలాంటప్పుడు ఆదివారం చర్చికి వెళ్తూ ఆ సర్టిఫికెట్ పెట్టడం సరైన పనేనా? వాళ్ళు రెండు చేతులా తింటున్నారని మావయ్యగారు అంటే నేను ఒప్పుకోలేదు, గట్టిగానే మాట్లాడాను. కానీ గదిలోకి వెళ్ళాక ఆయనకి ఏం జవాబు చెప్పాలో నాకే తెలియలేదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే పీడా వదిలిపోతుంది కదా. పదవిదేముంది, నీ చదువు నీకుంది. నిజం చెప్పినవాళ్ళకి భయం ఉండదని మనమే కదా పిల్లలకి పాఠం చెప్తాం.

మీ అత్తగారు జ్ఞానమ్మగారు ఎలా ఉన్నారు? ఆవిడ పెట్టిన మాగాయ రుచి ఇంకా నా నాలుక మీద ఉంది. తప్పుగా రాస్తే క్షమించు.

నీ మీనా


వెదురుపర్రు,
5 ఆగస్టు 2024.

మీనా,

ఏమీ అనుకోలేదు. ఆ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు లేరు. నువ్వు ముందు క్షమించమని అడిగావు, అదొక్కటే తేడా.

మా తాత బాప్తిస్మం తీసుకున్న మర్నాడు కూడా ఆయన్ని కులం పేరు పెట్టే పొలంలోకి పిలిచారట. ఆయన వెళ్ళాడట. దేవుడు మారాడు, పిలుపు మారలేదు. చర్చికి వెళ్తే కాగితం మీద బీసీ. నేను బీసీనని ఊళ్ళో ఏ ఇంటికైనా వెళ్ళి చెప్తే నవ్వుతారు. సమాధుల దొడ్డికి నీళ్ళలోంచి వెళ్ళేటప్పుడు ఎవరూ మా సర్టిఫికెట్ అడగలేదు. ఏ మతం శవమని అడగలేదు. పేట శవం, అంతే.

నువ్వు ఉన్నదున్నట్టు చెప్పమన్నావు. ఏది ఉన్నట్టు చెప్పాలి? నేను క్రైస్తవురాలినే. నేను ఎస్సీనే. రెండూ ఉన్నాయి. ఒకటే చెప్పాలట. పదవి పోతే పోయిందనుకుందామంటే, పోయిన మర్నాడు ఆ తీర్మానం ఉండదు. దాని కోసమే కదా అర్జీ పెట్టించింది.

వకీలు సత్యప్రసాద్ గారు మంచివారు. మీ వారి పేరే అని నాకు నవ్వొచ్చింది. పోయిన నెలలో అదొక్కసారే నవ్వొచ్చింది. ఆయన చెప్పినట్టు చేస్తున్నాను. బొట్టు పెట్టుకుంటున్నాను. ఇంట్లో ముందు గదిలో దేవుడి పటం పెట్టమన్నారు. రావులపాలెంలో కొన్నాం. మేకు కొట్టింది విజయ్. ఏ దేవుడిదని అత్తయ్య అడిగింది, వెంకటేశ్వరస్వామి అని చెప్పాం. అక్కడున్న బైబిలు వాక్యం బోర్డు తీసి, చీర కొంగుతో తుడిచి, తన ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. పటం కొంచెం వంకరగా ఉందని ఆవిడే సరిచేసింది.

ఆదివారాలు గుడికి వెళ్ళడం మానేశాను. మా పేటలో చర్చిని గుడి అనే అంటాం, నీకు గుర్తుండే ఉంటుంది. గుడి గంట కొట్టగానే అందరూ తయారై మా గుమ్మం ముందు నుంచి వెళ్తారు. నేను లోపల బియ్యం ఏరుకుంటూ కూర్చుంటాను. ఏరాల్సినవి ఏమీ ఉండవు, ఇప్పుడు బియ్యంలో రాళ్ళెక్కడొస్తున్నాయి.

అచ్చాయమ్మ కుళాయి దగ్గర కనిపించింది. తనే మాట్లాడింది. మా అబ్బాయి కిరణ్‌కి అప్పారావు గారు వాళ్ళ లారీ ఇచ్చారు నడుపుకోమని, నేనేం చెయ్యను చెప్పు అంది. ఆవిడ బిందె నిండిపోతే నేనే పక్కకి జరిపాను.

ఆశ


పెద్దాపురం,
3 సెప్టెంబరు 2024.

ఆశా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ ఊరినుంచి శ్యాంబాబు అనే ఆయన కొట్టుకి వచ్చాడు. అప్పారావు గారి తమ్ముడట. వాళ్ళ చుట్టాలింట్లో పెళ్ళికి బట్టలన్నీ మా దగ్గరే తీసుకుంటామని, మాటల్లో నీ పెళ్ళి సంగతి తెచ్చాడు. మీ కోడలుగారు ఆ పెళ్ళికి వచ్చారట కదండీ, గవర్నమెంటు టీచరు కాబట్టి ఆవిడ మాటకి విలువ ఉంటుంది, చూసింది చెప్తే చాలు అన్నాడు. మావయ్యగారు సరే అనేశారు. నేను పైన పిల్లలకి అన్నం పెడుతున్నాను. కిందికొచ్చేసరికి అయిపోయింది.

ఇప్పుడు విచారణకి రమ్మని స్కూలుకి నోటీసు వచ్చింది. హెడ్ మాస్టారు అందరి ముందూ ఇచ్చారు.

నేను నీ వెనక పూలు పట్టుకుని చర్చిలో నడిచాను ఆశా. ఉంగరాల పళ్ళెం నా చేతిలోనే ఉంది. అక్కడికెళ్ళి ఏం చెప్పను? చూసింది చెప్తే తప్పేముందమ్మా, నువ్వేమీ కల్పించడం లేదుగా అంటున్నారు మావయ్యగారు. పోయిన ఉత్తరంలో నేను నీకు రాసింది కూడా అదే. మళ్ళీ మళ్ళీ అదే గుర్తొస్తోంది.

ఏం చెప్పమంటావో రాయి. నువ్వేం చెప్పమంటే అదే చెప్తాను.

మీనా


వెదురుపర్రు,
9 సెప్టెంబరు 2024.

మీనా,

నేనేమీ చెప్పమనను. నీ ఉద్యోగం నీది, నీ ఇల్లు నీది. చూసింది చెప్పినా నాకు కోపం రాదు. కోపం రావడానికి కూడా ఓపిక ఉండాలి.

అక్కడ ఫ్యాను తిరగదట, మంచినీళ్ళు తీసుకెళ్ళు.

ఆశ


పెద్దాపురం,
27 సెప్టెంబరు 2024.

ఆశా,

అయిపోయింది. నిన్న వెళ్ళొచ్చాను. ప్రసాద్ గారు తోడొచ్చారు. శ్యాంబాబు కారు పంపుతానన్నా వద్దని బస్సులోనే వెళ్ళాం.

పెళ్ళికి వెళ్ళారా అని అడిగారు. వెళ్ళానన్నాను. ఎక్కడ జరిగింది అన్నారు. నేను భోజనాల వేళకి వెళ్ళానండీ, పెళ్ళి ఎక్కడ జరిగిందో నేను చూడలేదు అన్నాను. పాస్టరు ఉన్నారా అన్నారు. నాకు తెలియదండీ అన్నాను. మాటలు వాటంతటవే వచ్చేశాయి. క్లాసులో పాఠం చెప్పినట్టే ఉంది. బయట బెంచీ మీద అచ్చాయమ్మ అనుకుంటా, ఒకావిడ కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. ఆ పెళ్ళిలో నాకు మల్లెపూలు పెట్టింది ఆవిడే.

మావయ్యగారికి శ్యాంబాబు ఫోన్ చేసి చెప్పినట్టున్నాడు. మేమొచ్చేసరికి భోంచేసి పడుకున్నారు. పొద్దున్న కాఫీ ఇస్తే తీసుకున్నారు. ఆ పెళ్ళి బేరం పోయింది, దాని గురించి నన్నేమీ అనలేదు. ప్రసాద్ గారు మాత్రం కొట్టు తీస్తూ, మంచి పనే చేశావులే అన్నారు. మెల్లిగా, వాళ్ళ నాన్న వినకుండా.

నిజం చెప్తే భయం ఉండదని నీకు రాశాను చూడు. ఆ ఉత్తరం ఉంటే చింపెయ్యి.

మీనా


వెదురుపర్రు,
20 అక్టోబరు 2024.

మీనా,

నువ్వు ఏం చెప్పావో నీ ఉత్తరం రాకముందే వకీలు గారు చెప్పారు. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. థాంక్స్ అని రాస్తే బాగోదు.

నీ తర్వాత వారం నన్ను పిలిచారు. అధికారి మర్యాదగానే మాట్లాడారు. కూర్చోమన్నారు. ఏం చదువుకున్నారంటే బి.ఇడి. అన్నాను. గుడికి వెళ్తారా అని అడిగారు. వెళ్తానండీ అన్నాను. ఆ మాట దగ్గర ఆగిపోతే బావుండునని వకీలు గారు ముందే అన్నారు. అధికారి ఆగలేదు.

“చర్చికి?”

“లేదండి.”

“మీరు క్రైస్తవులా?”

“కాదండి.”

టైపు చేసే అమ్మాయి ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ టైపు చేసుకుంది. చదువుకుని సంతకం పెట్టమన్నారు. ఒకచోట అక్షరదోషం ఉంటే దిద్ది పెట్టాను.

బయటికొచ్చాక ఏడుపొస్తుందేమో అనుకున్నాను. ఆకలేసింది. బస్టాండులో ఇడ్లీ తిన్నాం. విజయ్ చట్నీ ఇంకాస్త వేయించుకున్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది. ఏమడిగారంది. చెప్పాను.

“నువ్వేం చెప్పావు?”

“కాదన్నానత్తయ్యా.”

కాసేపు వీధిలోకి చూసింది. “సరే, రా, అన్నం తిందువుగాని” అంది.

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఏసుని ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు సంగతి ఎవరూ నాకు గుర్తు చెయ్యలేదు, మా పాస్టరు అయ్యగారు ప్రసన్నకుమార్ గారు కూడా. ఆయన ఎదురైతే నేను పక్క సందులోకి తిరిగాను. ఆదివారం అత్తయ్య ఒక్కతే గుడికి వెళ్ళింది. ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె ముక్క కొంచెం నాకోసం దాచి తెస్తుందేమో అని ఎందుకో అనుకున్నాను. తేలేదు. తేవడం తప్పు కూడా.

నీ ఉత్తరం చింపలేదు. ఉండనీ. నువ్వు అనుకున్నదే కదా రాశావు.

ఆశ


పెద్దాపురం,
16 ఫిబ్రవరి 2025.

ఆశా,

నాలుగు నెలలైంది నీ దగ్గర్నుంచి మాట లేక. అర్జీ ఏమైందో తెలియలేదు. పేపర్లో మీ ఊరి పేరు కనిపిస్తుందేమో అని జిల్లా పేజీ చూస్తున్నాను.

ఇక్కడ ఏమీ మారలేదు, ఒకటి తప్ప. ఎనిమిదో తరగతిలో సమానత్వం పాఠం వచ్చింది. ఏటా చెప్పేదే. చట్టం ముందు అందరూ సమానులే అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో సాయిప్రసన్న అనే పిల్ల లేచి, మరి మా నాన్నగారు ఇల్లు అద్దెకి అడిగితే మీరేవిట్లు, ఏ కులం అని ఎందుకడిగారు టీచర్ అంది. ఈ వీధుల్లో అందరం అడుగుతాం. మావయ్యగారి పెంకుటింట్లో రెండు వాటాలున్నాయి, మేమూ అడుగుతాం. ఆ పిల్ల తిరగబడి అడగలేదు, తెలియక అడిగింది. గంట కొట్టేశారు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాను. అద్దెకిచ్చేవాళ్ళకి ఆ మాత్రం హక్కు లేదా అన్నారు మావయ్యగారు. ఉందనో లేదనో ఏదో ఒకటి అనాలి కదా. నేను కూర తరుగుతూ కూర్చున్నాను.

రెండు ముక్కలైనా రాయి.

మీనా


వెదురుపర్రు,
29 జులై 2025.

మీనా,

అత్తయ్య పోయింది. ఇంతకాలం రాయనందుకు ఏమనుకోకు.

ముందు అర్జీ సంగతి. కింది విచారణలో నాకు అనుకూలంగానే రాశారు. అప్పారావు గారివాళ్ళు ఊరుకోలేదు, జిల్లా కమిటీకి వెళ్ళారు. అది నడుస్తుండగానే పుంతకి డబ్బులు మంజూరయ్యాయి. ఎండాకాలంలో పని జరిగింది. సర్వే రాళ్ళు పాతారు, అరటి వరసలు తీసేశారు, మట్టి పోసి గ్రావెల్ వేశారు. బోదె మీద తూములు వేసి కట్టారు. అప్పారావు గారు వచ్చి, గొడుగు కింద నిలబడి చూసి, బాగా వేయించారమ్మా అన్నారు.

అత్తయ్యకి మూడు రోజులు జ్వరం. రాజమండ్రి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఆసుపత్రిలో నన్ను వాక్యం చదవమంటుందేమో అని చూశాను. అడగలేదు. పక్క మంచం ఆవిడ ఎవరో ప్రార్థన చేస్తే ఆమెన్ అంది. నా చెయ్యి పట్టుకునే ఉంది. పొద్దున్నే పోయింది.

తీసుకొచ్చేముందే వకీలు గారి నుంచి ఫోను. కేసు ఇంకా నడుస్తోందమ్మా, అయ్యగారు ప్రార్థన చేసేటప్పుడు మీరు పక్కన లేకుండా చూసుకోండి, ఫొటోలు తీస్తారు అన్నారు. ఆయన మనస్ఫూర్తిగా బాధపడుతూనే చెప్పారు. విజయ్ కొడుకు కాబట్టి ఎలాగూ ఉండాలి. నన్ను మాత్రం వెనక ఉండమన్నారు.

వాన. నేను వెనకే నడిచాను. కొత్త పుంత మీద అత్తయ్య పెట్టెని మోసుకెళ్ళారు. పేట నుంచి దాని మీద వెళ్ళిన మొదటి మనిషి ఆవిడే. మోసేవాళ్ళ కాళ్ళు తడిశాయి తప్ప ఇంకేమీ లేదు. అటూ ఇటూ అరటాకుల మీద వాన చప్పుడు. అందరూ పుంత గురించే మాట్లాడుకుంటున్నారు, ఆడవాళ్ళు నా భుజం తట్టి వెళ్తున్నారు. నాకేదో ఊళ్ళో పెళ్ళికి వెళ్తున్నట్టుంది.

దొడ్డిలోకి వెళ్ళాక నేను గోడవతల ఆగిపోయాను. శ్యాంబాబు అక్కడికి ముందే వచ్చాడు. ఫోను పైకెత్తి పట్టుకున్నాడు, దాచుకోలేదు. అయ్యగారు ప్రార్థన చేశారు. నేను తల వంచలేదు, కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా అరటిగెల ఒకటి ఉంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను. పెట్టెని దింపారు. మట్టి వెయ్యడం మొదలుపెట్టారు. విజయ్ వేశాడు. తర్వాత కోడలు వెయ్యాలి. ఎవరూ పిలవలేదు, అందరికీ తెలుసు.

అప్పుడు అచ్చాయమ్మ జనంలోంచి బయటికొచ్చింది. అత్తయ్యా ఆవిడా ఒకే ఈడువాళ్ళు, ఊడ్పులకి కలిసి వెళ్ళేవారు. తిన్నగా గోడ దాకా వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“రా. మట్టెయ్యి” అంది.

నేను ఫోను వైపు చూశాను. ఆవిడ తిరిగి శ్యాంబాబుకి ఎదురుగా నిలబడింది.

“ఆపు బాబూ అది. అత్తకి కోడలు మట్టేసుకుంటంటే అందులో మతమేంటి?”

అతను ఆపలేదు. ఆవిడ కొంగు తీసి అతని ఫోనుకి అడ్డంగా పట్టుకుంది. కొంగు తడిసి ఉంది, గాలికి లేవలేదు. నేను వెళ్ళి మట్టి వేశాను. ఒక గుప్పెడు. తర్వాత ఇంకో గుప్పెడు. పాట ఎత్తుకున్నారు, నాకు తెలిసిన పాటే. పాడాను. గొంతు ఎవరిదో అనిపించింది గానీ, పాడాను.

ఇంటికొచ్చాక కూడా ఏడుపు రాలేదు. మర్నాడు అత్తయ్య తమలపాకులు, వక్కలు ఉన్న సంచి ఉతకబోయి ఉతకలేక మళ్ళీ గోడకి తగిలించాను. అదొక్కటే.

అచ్చాయమ్మ మూడో రోజు కూడా వచ్చింది, గిన్నెలు తోమింది. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. కిరణ్ ఇంకా ఆ లారీయే నడుపుతున్నాడు.

ఆశ


పెద్దాపురం,
8 ఆగస్టు 2025.

ఆశా,

నీ ఉత్తరం కంటే ముందు ఆ వీడియో వచ్చింది. మావయ్యగారి ఫోనుకి ఎవరో పంపారు. ఇది నీ ఫ్రెండే కదమ్మా అని చూపించారు. సగం తడి గుడ్డే కనిపిస్తుంది. చివర్లో గుడ్డ జారినప్పుడు నువ్వు వంగి మట్టి తీయడం కనిపిస్తుంది, పాట వినిపిస్తుంది. ఎవరు పోయారు అన్నారు. జ్ఞానమ్మగారండీ, వాళ్ళ అత్తగారు అన్నాను. పాపం అన్నారు. నిజంగానే అన్నారు ఆశా, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత దాన్ని ఇంకెవరికో పంపారు.

నన్ను మళ్ళీ పిలుస్తారేమో. అబద్ధం చెప్పానని తేలితే డిపార్ట్‌మెంటు వాళ్ళు ఏమైనా అంటారేమో. ఇంతకుముందైతే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది. అది మంచిదో కాదో తెలియదు.

ఆదివారం వస్తున్నాను. ఒక్కదాన్నే. ఇంట్లో చెప్పే వస్తున్నాను.

మీనా


వెదురుపర్రు,
14 డిసెంబరు 2025.

మీనా,

నువ్వు వచ్చి వెళ్ళిన తర్వాత కూడా ఉత్తరమే రాస్తున్నాను. ఎదురుగా కూర్చుంటే మనిద్దరం పిల్లల గురించే మాట్లాడుకున్నాం.

కమిటీ నా సర్టిఫికెట్ రద్దు చేసింది. ఆ వీడియో చూశారట. సర్పంచ్‌గా తొలగిస్తూ కాగితం వచ్చింది. అధికారి దగ్గర కాదన్న మాట, అత్తయ్య సమాధి దగ్గర అవునైపోయింది, రెండూ రాసుకున్నారు. పై కోర్టుకి వెళ్దామని సత్యప్రసాద్ గారు అన్నారు. ఉన్న కాలమే నాలుగు నెలలు, వద్దండి అన్నాను. నీ మాట ఎవరూ ఎత్తలేదు, నిశ్చింతగా ఉండు. తాళాలు, ముద్ర ఇచ్చేసి వచ్చాను. అప్పారావు గారే ఇన్‌చార్జి. మీరు ఎప్పుడు కావాలన్నా రండమ్మా, ఇది మీ ఆఫీసే అన్నారు. ఫోను మోగడం మానేసింది. అలవాటు లేక విజయ్ దాన్ని తీసి తీసి చూస్తున్నాడు. సంక్రాంతి సెలవుల తర్వాత కడియంలో ప్రైవేటు స్కూలు వాళ్ళు రమ్మన్నారు, ఆరో తరగతికి తెలుగు చెప్పాలి.

పుంత బాగుంది. ఎత్తుగా వేశాం కాబట్టి మొన్నటి తుపాను వానకి కూడా కోసుకుపోలేదు. అప్పారావు గారి అరటిగెలలు ఇప్పుడు దాని మీదే రావులపాలెం మార్కెట్టుకి వెళ్తున్నాయి. ఇదివరకు కూలీలు నెత్తిన పెట్టుకుని గట్టు మీదుగా మోసేవారు. ఇప్పుడు కిరణ్ లారీ తిన్నగా తోటలోకి వెళ్తోంది. మొదట్లో అది చూసి ఏదో అనిపించాలనుకున్నాను. దారి అన్నాక అందరూ నడుస్తారు.

వెంకటేశ్వరస్వామి పటం తియ్యలేదు. తీస్తే ఆయనకి అవమానంలా ఉంటుందని విజయ్ అన్నాడు. వాక్యం బోర్డు పక్కన పెట్టాం. రెండూ ఉన్నాయి.

ఇవాళ గుడికి వెళ్ళాను. ఆఖరి వరసలో నిలబడదామనుకున్నాను. అచ్చాయమ్మ చూసి జరిగింది, కూర్చున్నాను. బల్ల దగ్గరికి మాత్రం నేను వెళ్ళలేదు. ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.

బయటికొచ్చాక ఆడవాళ్ళు నలుగురు నన్ను ఆపారు. వచ్చే ఎన్నికల్లో మన ఊరు జనరల్‌కి వస్తుందంటున్నారు, నిజమో కాదో ఇంకా తెలియదు. జనరల్ అయితే అప్పారావు గారే నిలబడతారని అందరికీ తెలుసు. మా పేట నుంచి జనరల్‌కి ఇంతవరకు ఎవరూ నామినేషన్ వెయ్యలేదు. ఓట్లు లెక్కేస్తే గెలిచేది కూడా కాదు. నువ్వు నిలబడు అన్నారు. అచ్చాయమ్మ చెప్పులు వేసుకుంటూ, దానికి కులం సర్టిఫికెట్ అడుగుతారా అంది.

అడగరు, ఓటు ఉంటే చాలు అన్నాను.

ఆశ